రైతు మూలుగు విన్న గాజుల లక్ష్మీనరసు

దేవుడు తన ప్రజల మేలు కోసం తన ప్రజలు కానివారిని సైతం వాడుకున్న సందర్భాలు బైబిల్లో చాలా ఉన్నాయి. పారసీక రాజు కోరెషు చెరలో ఉన్న యూదులకు యెరూషలేముకు తిరిగి వెళ్లే దారి తెరిచాడు. పరిసయ్యుడైన గమలీయేలు మహాసభలో లేచి నిలబడి అపొస్తలుల ప్రాణాలు కాపాడాడు. వీరిద్దరూ యేసు శిష్యులని బైబిల్ ఎక్కడా చెప్పదు. అయినా వారు చేసిన మేలును పరిశుద్ధ గ్రంథం దాచిపెట్టలేదు, గౌరవంగా రాసి ఉంచింది. ఈ వారం మేము మీ ముందుంచుతున్న జీవితం కూడా అలాంటిదే. ఆయన పేరు గాజుల లక్ష్మీనరసు శెట్టి. ఆయన క్రైస్తవుడు కాదు. పైగా మిషనరీల పనిని దశాబ్దాలపాటు ఎదిరించిన హిందువు. అలాంటి మనిషి కథ ఈ శీర్షికలో ఎందుకని కొందరు అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు ఆయన జీవితంలోనే ఉంది.

లక్ష్మీనరసు 1806లో చెన్నపట్నంలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు, బట్టల వ్యాపారి. కుమారుడు చిన్న వయసులోనే ఆ వ్యాపారంలో చేరి దాన్ని బాగా పెంచాడు. చెన్నపట్నం పేరున్న వర్తకుల్లో ఒకడిగా నిలిచాడు. ఆ కాలంలో ధనవంతుడికి సుఖంగా బతకడం చాలా తేలిక. కంపెనీ దొరలతో మంచిగా ఉంటే చాలు, వ్యాపారం దానంతటదే సాగిపోయేది. లక్ష్మీనరసు ఆ దారిని ఎంచుకోలేదు.

ఆయన పుట్టిన మూడేళ్లకు, 1809లో, అమెరికాలో అబ్రహాం లింకన్ పుట్టాడు. లింకన్ ముందు న్యూసేలం అనే చిన్న ఊళ్లో పోస్టుమాస్టరుగా పనిచేశాడు. 1834లో ఇలినాయ్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికై ఎనిమిదేళ్లు అందులో ఉన్నాడు. ఊరి జనం తమకు తెలిసిన మనిషిని ఓటు వేసి పంపించారు, అతడు వారి మాట సభలో వినిపించాడు. లింకన్ తన ప్రజాజీవితాన్ని అలా మొదలుపెట్టిన రోజుల్లో మన దేశంలో ఓటు లేదు, సభ లేదు, పాలకుణ్ణి ప్రశ్నించే హక్కు లేదు. ప్రజల తరఫున మాట్లాడాలనుకున్న మనిషి ముందుగా మాట్లాడే చోటును తానే కట్టుకోవాలి. లక్ష్మీనరసు చేసింది అదే.

ఆ రోజుల్లో మన గుంటూరు సీమ ఎలా ఉండేదో ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. 1833లో వచ్చిన కరువును మన పెద్దలు డొక్కల కరువు అన్నారు. జిల్లాలోని ఐదు లక్షల జనంలో రెండు లక్షల మంది దాకా చనిపోయారని ఆనాటి లెక్క. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. బతికినవారి మీద మళ్లీ శిస్తు పడింది. వాన లేకపోయినా, పంట ఎండినా, ప్రభుత్వానికి కట్టాల్సిందే. నేతగాడి మగ్గం మీద, చేతిపనివాడి పనిముట్ల మీద మొహతర్ఫా అనే పన్ను వేరే ఉండేది. ఆ పన్ను వసూలు చేసే తహశీల్దారు చేతిలోనే పోలీసు అధికారం కూడా ఉండేది. డబ్బు అడిగేవాడూ, పట్టుకుని కట్టేసేవాడూ ఒక్కడే అయితే పేదవాడు ఎవరికి చెప్పుకోవాలి?

ఈ పరిస్థితుల మధ్యే 1842 జూలై 31న ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టారు. అమెరికా నుంచి వచ్చిన ఆ లూథరన్ మిషనరీని ఇక్కడికి ఆహ్వానించి, ఆశ్రయమిచ్చి, సహాయం చేసినవాడు జిల్లా కలెక్టరు స్టోక్స్. మన సంఘాల చరిత్ర చెప్పుకునేటప్పుడు ఈ విషయాన్ని కృతజ్ఞతతో చెప్పుకుంటాం. చెప్పుకోవడం న్యాయమే. కానీ అదే సంగతి ఒక హిందూ రైతు కంటికి ఎలా కనబడి ఉంటుంది? శిస్తు వసూలు చేయించే దొర, కొత్త మతం బోధించే దొర ఒకే బంగళాలో కూర్చుని ఉంటే, ఈ రెండూ ఒకే పని అని అతడు అనుకోవడంలో వింత ఏముంది? లక్ష్మీనరసు అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే.

1844లో ఆయన చెన్నపట్నంలో క్రెసెంట్ అనే ఇంగ్లిషు పత్రికను తన సొంత డబ్బుతో నడపడం మొదలుపెట్టారు. ఎడ్వర్డ్ హార్లీ అనే ఇంగ్లిషువాడిని సంపాదకుడిగా పెట్టుకున్నారు. దేశవాసుల కష్టాలను పాలకుల భాషలోనే పాలకులకు చెప్పాలన్నది ఉద్దేశం. మిగతా పత్రికలకు ఇచ్చిన ప్రకటనలు ప్రభుత్వం ఈ పత్రికకు ఇవ్వలేదు. ఆయన వెనక్కి తగ్గలేదు.

1846లో పెద్ద పరీక్ష వచ్చింది. అప్పటి మద్రాసు గవర్నరు మార్క్విస్ ఆఫ్ ట్వీడేల్ ప్రభుత్వ పాఠశాలల్లో బైబిల్‌ను పాఠ్యపుస్తకంగా పెట్టాలని ప్రతిపాదించారు. చెన్నపట్నం హిందువులు ఆందోళన చెందారు. లక్ష్మీనరసు ముందు నిలబడ్డారు. సభ పెట్టించారు, వేలమంది సంతకాలతో లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకు అర్జీ పంపించారు. కర్రలు పట్టలేదు, ఇళ్లు తగలబెట్టమనలేదు. కాగితం మీద న్యాయం అడిగారు. డైరెక్టర్లు గవర్నరు ప్రతిపాదనను ఒప్పుకోలేదు.

బైబిల్‌ను ప్రేమించే మనం ఈ సంగతిని ఎలా చూడాలి? బైబిల్ చదవడం పిల్లలకు మేలు కాదా? మేలే. అందులో మాకు ఏ సందేహమూ లేదు. కానీ గవర్నరు ఉత్తరువుతో చదివించే బైబిల్, హృదయం తెరుచుకుని చదివే బైబిల్ ఒకటి కావు. ప్రభువైన యేసు ఎవరి ఇంటి తలుపూ తోసుకుని లోపలికి రాలేదు. బయట నిలబడి తలుపు తట్టేవాడిగా ప్రకటన గ్రంథం ఆయనను మనకు చూపిస్తుంది. ధనవంతుడైన యువకుడు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోతుంటే ఆయన బాధపడ్డాడు గాని వెంట మనిషిని పంపి పట్టి తెప్పించలేదు. అరణ్యంలో లోక రాజ్యాలన్నిటి అధికారాన్ని సాతాను చూపించినప్పుడు ఆయన వద్దన్నాడు. సువార్తకు అధికారపు బలం అవసరం లేదన్న సత్యం యేసు జీవితంలోనే ఉంది. ఆ సత్యాన్ని ఆనాడు క్రైస్తవ గవర్నరుకు ఒక హిందూ వ్యాపారి గుర్తు చేయాల్సి వచ్చింది.

అయితే ఆయన చేసిన ప్రతి వాదనతోనూ మేము ఏకీభవించలేము. మతం మారినవాడికి తాత తండ్రుల ఆస్తిలో హక్కు పోకూడదన్న చట్టం కోసం 1845 నుంచి ప్రయత్నం జరిగింది. 1850లో అది చట్టమైంది. లక్ష్మీనరసూ ఆయన మిత్రులూ దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఉమ్మడి కుటుంబం విడిపోతుందని, మతం మార్చుకోవడానికి అది ఎర అవుతుందని వారి భయం. ఆ భయాన్ని అర్థం చేసుకోగలం. కానీ యేసును నమ్మినందుకు ఇంటి నుంచి గెంటేయబడి, కట్టుబట్టలతో మిగిలిన యువకుల వైపు నుంచి చూస్తే ఆ చట్టం న్యాయమైనది. బలవంతంగా ఒకణ్ణి మతంలోకి తేవడం ఎంత తప్పో, ఆస్తి పోతుందని బెదిరించి మతంలో కట్టి ఉంచడం కూడా అంతే తప్పు. మనస్సాక్షికి స్వేచ్ఛ అంటే రెండు వైపులా ఉండాలి. ఇక్కడ ఆయన ఒక వైపే చూశారు. గొప్పవారి జీవితం చదివేటప్పుడు వారి కొరతను కూడా నిజాయితీగా చెప్పుకోవడం బైబిల్ మనకు నేర్పిన పద్ధతి. దావీదు కథను అది అలాగే చెప్పింది.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఆయన తన మతం కోసం పోరాడిన మనిషిగా మాత్రమే మిగిలేవారు. కానీ ఆయన చెవి గుడి గోడ దగ్గర ఆగలేదు, పొలం దాకా వెళ్లింది. 1852 ఫిబ్రవరి 26న చెన్నపట్నంలో కొందరు మిత్రులతో కలిసి ఒక సంఘాన్ని స్థాపించారు. అదే మద్రాస్ నేటివ్ అసోసియేషన్. భారత జాతీయ కాంగ్రెస్ పుట్టడానికి ఇంకా 33 ఏళ్లు ఉంది. ఈ సంఘం బ్రిటిష్ పార్లమెంటుకు ఒక పెద్ద అర్జీ పంపించింది. శిస్తు భారం, మొహతర్ఫా, ఉప్పు మీద పన్ను, చెరువులూ కాలువలూ బాగుచేయని నిర్లక్ష్యం, చదువుకు ఖర్చు పెట్టకపోవడం, వీటన్నిటినీ అందులో విన్నవించుకుంది. 1853లో ఆ అర్జీ పార్లమెంటు ముందుకు వెళ్లింది.

అదే ఏడాది డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వచ్చాడు. లక్ష్మీనరసు ఆయనకు ఆతిథ్యం ఇచ్చి విందులతో సరిపెట్టలేదు. పల్లెలకు తీసుకువెళ్లారు. శిస్తు కట్టలేని రైతును తాలూకా కచేరీ ముందు ఏం చేస్తున్నారో ఆయనకు తెలిసేలా చేశారు. ఆ హింసలను తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. కిట్టి అనే రెండు చెక్కల మధ్య వేళ్లు పెట్టి నొక్కేవారు. మెడను వంచి కాళ్లకు తాడుతో కట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో గంటల తరబడి ఉంచేవారు. వీపు మీద రాయి పెట్టేవారు. కళ్లలో మిరపకారం కొట్టేవారు. మిరప పండించే మన సీమ వారికి కారం కంట్లో పడితే ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇదంతా దొంగతనం చేసినందుకు కాదు, హత్య చేసినందుకు కాదు. పంట పండక శిస్తు బాకీ పడినందుకు.

1854లో ఈ విషయం లండన్‌లో కామన్స్ సభలో చర్చకు వచ్చింది. మద్రాసు ప్రభుత్వం ముగ్గురు సభ్యులతో విచారణ సంఘాన్ని వేయక తప్పలేదు. గడచిన ఏడేళ్లలో జరిగిన హింసల గురించి మాత్రమే చెప్పుకోవచ్చన్నారు. గడువు మూడు నెలలు. అయినా 519 మంది స్వయంగా వచ్చి చెప్పుకున్నారు, 1440 మంది రాతపూర్వకంగా పంపారు. మొత్తం 1959 ఫిర్యాదులు. కొందరు వందల మైళ్లు నడిచి వచ్చారు. రైలు లేని కాలంలో, తిరిగి వెళ్లాక తహశీల్దారు ఏం చేస్తాడోనన్న భయం ఉన్నా వచ్చారు. మా మాట వినేవాడు ఒకడు దొరికాడన్న ఆశే వారిని నడిపించింది.

1855లో విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. శిస్తు వసూలులో హింస ఉన్న మాట నిజమేనని ఒప్పుకుంది. అయితే నేరమంతా కింది ఉద్యోగుల మీద వేసి, పై దొరలకు దీనితో సంబంధం లేదంది. ఆ మాటను అందరూ నమ్మలేదు. ఈ నివేదిక ఖండాంతరాలు దాటింది. 1857లో కార్ల్ మార్క్స్ అమెరికాలోని న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్ పత్రికలో దీని గురించి రాశాడు. శిస్తు వసూలును, పోలీసు అధికారాన్ని ఒకే చేతిలో ఉంచకూడదని విచారణ సంఘం సూచించింది. ఆ తర్వాత 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. తహశీల్దారు చేతిలోంచి లాఠీ తీసి వేరే శాఖకు ఇచ్చారు. ఇవాళ మన ఊళ్లలో ఎమ్మార్వో కార్యాలయం ఒక చోట, పోలీసు స్టేషను మరో చోట ఉండటం వెనుక ఆ 1959 మంది కన్నీళ్లున్నాయి. వాటిని లండన్ దాకా చేర్చిన వారిలో ముందున్నవాడు ఈ చెన్నపట్నం వ్యాపారి.

నెహెమ్యా గ్రంథం ఐదో అధ్యాయం చదవండి. రాజు పన్ను కట్టడానికి పొలాలు తాకట్టు పెట్టి, చివరికి బిడ్డలను దాసులుగా అప్పగించాల్సి వచ్చిన జనం నెహెమ్యా దగ్గరకు వచ్చి మొర పెట్టుకున్నారు. ఆ మొర విని ఆయనకు కోపం వచ్చింది. కోపంతో ఊరుకోలేదు, పెద్దలను పిలిచి నిలదీశాడు. లూకా సువార్తలో బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరకు సుంకరులూ సిపాయిలూ వస్తారు. వారిని ఉద్యోగం మానేయమని యోహాను చెప్పలేదు. నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయవద్దని, ఎవరినీ బెదిరించి డబ్బు గుంజవద్దని చెప్పాడు. పన్నుల వసూలూ పోలీసు పనీ కూడా దేవుని ఎదుట లెక్క చెప్పవలసిన పనులే. యోహాను నది ఒడ్డున చెప్పినదాన్ని లక్ష్మీనరసు అర్జీల్లో అడిగారు. ఆయన బైబిల్ చదివి ఈ పని చేశారని మేము అనడం లేదు. దేవుడు ప్రతి మనిషి హృదయంలో న్యాయాన్ని కొంత రాసి ఉంచాడని పౌలు రోమా సంఘానికి రాశాడు. ఆ రాత ఈ మనిషిలో స్పష్టంగా కనిపిస్తుంది.

కాలం మారింది. 1858లో కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చింది. ఎవరి మత విశ్వాసాల్లోనూ జోక్యం చేసుకోబోమని విక్టోరియా రాణి ప్రకటించింది. 1861 చట్టంతో శాసన మండళ్లలోకి కొందరు దేశవాసులను తీసుకున్నారు. 1863లో లక్ష్మీనరసును మద్రాసు శాసన మండలికి నియమించారు. ఒకప్పుడు తమను ఎదిరించినవాడని చూసిన ప్రభుత్వమే ఆయనకు సి.ఎస్.ఐ. బిరుదు ఇచ్చి గౌరవించింది. అయితే ఆ మండలిలో సభ్యుడి చేతిలో ఉన్నది చాలా తక్కువ. గవర్నరు పిలిస్తే రావాలి, ముందు పెట్టిన బిల్లు మీద మాట్లాడాలి. ప్రశ్నలు వేసే హక్కు లేదు, ఖర్చుల లెక్క అడిగే హక్కు లేదు. ఇలినాయ్‌లో లింకన్‌కు దొరికిన సభ వేరు, ఈయనకు దొరికిన సభ వేరు. చిత్రంగా, లక్ష్మీనరసు చేసిన పెద్ద పనులన్నీ కుర్చీ దొరకకముందు చేసినవే.

1868లో ఆయన చనిపోయారు. అప్పటికి చేతిలో సొమ్ము లేదు. పత్రికకు, సంఘానికి, అర్జీలకు ఖర్చు పెడుతూ పోవడంతో, వ్యాపారం కూడా దెబ్బతినడంతో సంపన్నుడిగా మొదలైన జీవితం పేదరికంలో ముగిసింది. పదవిలోకి వచ్చాక ధనవంతులైనవారిని మనం చాలామందిని చూశాం. పదవిలోకి వచ్చేసరికి ఉన్నదంతా ఖర్చయిపోయినవారు అరుదు.

ఆయన పోయిన పదేళ్లకు మన నేల మీదే మరో సంగతి జరిగింది. 1876-78 మధ్య ధాత కరువు వచ్చింది. ఒంగోలులో పనిచేస్తున్న బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి, కూడు దొరికేలా చేశారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా వచ్చారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, తిండి కోసం ఎవరూ రాకూడదని, కరువు పనులు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. పనులు అయిపోయి, ఇక ఇచ్చేందుకు డబ్బేమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ రెండు జీవితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. విశ్వాసానికి అధికారం, ఎర తోడు కాకూడదని లక్ష్మీనరసు బయట నిలబడి వాదించారు. మిషనరీ క్లౌ లోపల నిలబడి దాన్ని ఆచరించి చూపారు. ఒకరు అడిగిన ప్రశ్నకు మరొకరు తమ నడవడితో జవాబిచ్చారు. గవర్నరు ఉత్తరువు చేయలేని పనిని గుండ్లకమ్మ ఒడ్డున దేవుడు చేశాడు. మన సంఘాలు ఆ ఒడ్డు నుంచి వచ్చినవే గాని గవర్నరు కచేరీ నుంచి వచ్చినవి కావు. మన విశ్వాసం ఎర చూపి తెచ్చినదని ఎవరైనా అన్నప్పుడు కోపం తెచ్చుకోవడం కంటే ఈ చరిత్రను నెమ్మదిగా చెప్పడం మంచిది.

ఇక మనలను మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది. బ్రాడీపేటలో మా చుట్టూ ఉన్న సంఘాల్లో ఆదివారం ఆరాధనకు వచ్చేవారిలో చాలామందికి పొలాలున్నాయి, లేదా పొలాలు కౌలుకు చేసే బంధువులున్నారు. పత్తికీ మిరపకూ పెట్టుబడి పెట్టి, వాన ముంచితేనో ధర పడిపోతేనో అప్పులపాలైన ఇళ్లు మన సంఘాల్లోనూ ఉన్నాయి. వారి కోసం ప్రార్థన చేస్తున్నాం. చేయాలి. కానీ కౌలు కార్డు కోసం కార్యాలయాల చుట్టూ తిరిగే సహోదరుడికి ఒక అర్జీ రాసిపెట్టే చదువుకున్నవారు మన బల్లల మీదే కూర్చుని ఉన్నారు కదా? అప్పు ఇచ్చినవాడు గుమ్మం ముందు అరుస్తుంటే ఆ ఇంటికి తోడుగా వెళ్లి నిలబడే పెద్దలు మన సంఘంలో ఎందరున్నారు? లక్ష్మీనరసుకు ఆ రైతులు చుట్టాలు కారు. వారి ఊళ్లలో ఆయనకు ఓట్లు లేవు. అయినా వారి మూలుగు తనదనుకున్నారు.

మంచి సమరయుని కథలో దెబ్బతిన్నవాడి పక్కనుంచి యాజకుడు వెళ్లిపోయాడు, లేవీయుడు వెళ్లిపోయాడు. ఆగినవాడు వారి మతం వాడు కాదు. ఆ కథ చెప్పాక ప్రభువు ధర్మశాస్త్ర ఉపదేశకుణ్ణి సమరయుడి మతం గురించి అడగలేదు. పొరుగువాడిగా నడుచుకున్నది ఎవరో చెప్పమన్నాడు, తర్వాత వెళ్లి అలాగే చేయమన్నాడు. దారి పక్కన పడి ఉన్న రైతు దగ్గర ఆగిన గాజుల లక్ష్మీనరసు శెట్టిని గౌరవించడానికి మనకు ఈ ఒక్క కారణం చాలు. ఆయన ఆగిన చోట మనమూ ఆగగలిగితే ఆ గౌరవం నిజమవుతుంది. ప్రభువు మనకు వినే చెవులను ఇచ్చును గాక.